తొట్టిలో వెలుతురు, చేప ఒంటి రంగు: ఒక పరిశోధన చరిత్ర

పెంపుడు చేపలు కొన్న దాదాపు ప్రతి ఇంట్లో జరిగే ఒక సంగతితో ఈ పాఠం మొదలుపెడదాం. దుకాణంలో నీలం, ఎరుపు చారలతో మెరిసిపోయిన నియాన్ టెట్రాలను ప్లాస్టిక్ సంచిలో ఇంటికి తెస్తారు. తొట్టిలో వదిలిన కాసేపటికి చూస్తే అవి ఉతికి ఉతికి వెలిసిన గుడ్డముక్కల్లా ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు దుకాణదారు మోసం చేశాడంటారు. పిల్లలు చేపకు జబ్బు చేసిందంటారు. పక్కింటాయన వచ్చి లైటు మార్చమంటాడు. మర్నాటికో, వారానికో రంగు తిరిగి వస్తుంది, ఒక్కోసారి రాదు. పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో విద్యార్థులు తరగతి అయిపోయాక నా దగ్గరకు వచ్చి అడిగిన ప్రశ్నల్లో తరచుగా వినిపించింది ఇదే: "సార్, చేప రంగు పోయిందంటే జబ్బేనా?"

ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు చెప్పడం కష్టం. దాని వెనుక మాత్రం ఒక చరిత్ర ఉంది. చేప రంగును మనుషులు రెండువేల ఏళ్లుగా చూస్తున్నారు, మెచ్చుకుంటున్నారు, కొంటున్నారు, అమ్ముతున్నారు. ఆ రంగును చదవడం మొదలుపెట్టి నూటయాభై ఏళ్లే అయింది. కంటికి అందే వెలుతురుకు, ఒంటికి కలిగే ఒత్తిడికి చేప ఆ నిమిషంలో ఇస్తున్న జవాబే దాని రంగు అని తేలడానికి అంత కాలం పట్టింది. ఆ దారిలో ముందడుగు పడిన ప్రతిచోటా ఎవరో ఒకరు చేప మీద నుంచి చూపు తిప్పి, దాన్ని ఉంచిన పాత్రవైపు చూశారు. విద్యార్థులు ఈ పాఠం చదివేటప్పుడు ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకుంటే చాలు.

చూసి ఆనందించిన కాలం

క్రీస్తుశకం 60ల ప్రాంతంలో రోమన్ తత్వవేత్త సెనెకా ప్రకృతి విషయాల మీద రాసిన గ్రంథంలో ఒక విందు వేడుకను ప్రస్తావించాడు. మల్లెట్ అనే ఎర్రని సముద్రపు చేపను బతికుండగానే గాజుపాత్రలో పెట్టి అతిథుల ముందుకు తెచ్చేవారు. నీరు లేక చేప చనిపోతుంటే దాని ఒంటి మీద ఎరుపు మరింత ముదిరి, ఆ తరువాత మారుతూ మారుతూ చివరికి పాలిపోయేది. అతిథులు దాన్ని ముచ్చటగా చూసేవారు. మనుషుల మరణశయ్య దగ్గర కూర్చోవడానికి తీరిక లేనివాళ్లు చేప చావును కళ్లార్పకుండా చూస్తున్నారని సెనెకా మండిపడ్డాడు. ఆయన కోపం విలాసం మీద, జీవశాస్త్రం ఆయన ఉద్దేశం కాదు. అయినా చేపకు కలిగే బాధ రంగుగా బయటపడుతుందనీ, చూసేవారు దాన్ని అందంగా పొరబడతారనీ చెప్పే పాత సాక్ష్యాల్లో ఇదొకటి. ఆ పొరపాటు నేటికీ పోలేదు.

చైనాలో గోల్డ్‌ఫిష్ పెంపకం మరో దారిలో సాగింది. సాంగ్ వంశపు రాజుల కాలంలో కొలనుల్లో పెరిగిన ఎర్ర చేపలు మింగ్ వంశం నాటికి మట్టి తొట్లలోకి, పింగాణీ పాత్రల్లోకి వచ్చాయి. 1596లో జాంగ్ చియాన్‌దె ఈ ఎర్ర చేపల మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశాడు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. మట్టి తొట్టికి పక్కలు కనపడవు కాబట్టి చేపను పైనుంచే చూసేవారు. వెలుతురు కూడా పైనుంచే పడేది. చుట్టూ, కిందా ముదురు రంగు ఉండేది. అంటే ఆ తొట్టి చెరువుకు దగ్గరగానే ఉండేది. చేప కంటికి అందే వెలుతురు లెక్క పెద్దగా తప్పలేదు.

ఆ లెక్క తప్పింది గాజు వచ్చాకే.

కిటికీ దగ్గర గాజుపెట్టె

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు చేపలు, నీటిమొక్కలు, నత్తలు కలిపి ఒకే పాత్రలో ఎక్కువ కాలం బతికించవచ్చని ప్రకటించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో చేపల కోసం ప్రత్యేక భవనం తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన 'ది అక్వేరియం' పుస్తకం వెలువడి, ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. మధ్యతరగతి ఇళ్లలో కిటికీ పక్కన గాజుపెట్టె పెట్టుకోవడం ఒక మోజుగా మారింది.

ఈ గాజుపెట్టెల్లో వెలుతురు నాలుగు వైపుల నుంచీ వచ్చేది. మొక్కలకు వెలుగు కావాలని ఎండ తగిలేచోట పెట్టేవారు. నీరు వేడెక్కి, పాచితో పచ్చబడి, కొన్ని వారాల్లోనే అంతా పాడయ్యేది. దీన్ని గట్టిగా పట్టించుకున్నవాడు విలియం ఆల్ఫోర్డ్ లాయిడ్. లండన్‌లో సముద్రజీవుల దుకాణం నడిపి, తరువాత పెద్ద అక్వేరియంల నిర్మాణంలో ఆరితేరిన మనిషి. సముద్రంలో చేపకు వెలుతురు నెత్తి మీద నుంచే వస్తుంది, తొట్టిలోనూ అలాగే రావాలని ఆయన పట్టుబట్టాడు. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో ఆయన ఆలోచనలు అమలయ్యాయి. ఆంటన్ డోర్న్ ఇటలీలోని నేపుల్స్‌లో స్థాపించిన సముద్ర జీవశాస్త్ర కేంద్రంలో 1874లో ప్రజల కోసం తెరిచిన అక్వేరియానికీ లాయిడ్ సలహాదారు. సందర్శకులు నిలబడే చోటు చీకటిగా, తొట్టి పైభాగం వెలుగుగా ఉండే ఏర్పాటు అప్పటి నుంచి స్థిరపడింది. నేపుల్స్ పేరు గుర్తుంచుకోండి. సుమారు నలభై ఏళ్ల తరువాత మనం మళ్లీ అక్కడికి వెళ్లవలసి ఉంది.

కంటి నుంచి చర్మానికి

రంగు మారే జంతువుల మీద ప్రయోగాలు చేపలతో మొదలవలేదు. శస్త్రచికిత్సలో క్రిమినాశక పద్ధతికి తరువాతి కాలంలో పేరుపొందిన జోసెఫ్ లిస్టర్, 1858లో కప్ప చర్మంలోని వర్ణక కణాల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. చర్మం మీద పడే వెలుతురు కంటే కంట్లో పడే వెలుతురే కప్ప రంగును ఎక్కువగా మారుస్తుందని ఆయన గమనించాడు. కళ్లు తీసేస్తే ఆ మార్పు ఆగిపోయింది. కణం ముడుచుకుపోవడం లేదనీ, కణం లోపలున్న నల్లని రేణువులు నడుమకు చేరడమో, కొమ్మల చివరలకు పరుచుకోవడమో జరుగుతోందనీ ఆయన పరిశీలనల నుంచి తేలుతుంది. రేణువులన్నీ నడుమకు చేరితే చర్మం పాలిపోతుంది. పరుచుకుంటే నల్లబడుతుంది. చేపలోనూ జరిగేది ఇదే.

చేప దగ్గర ఈ పని చేసినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జ్ పూషే. 1870లలో ఆయన టర్బట్ అనే బల్లపరుపు సముద్రపు చేపను తెల్లని ఇసుక మీద, నల్లని అడుగు మీద మార్చి మార్చి ఉంచాడు. చూపున్న చేప అడుగుకు తగ్గట్టు రంగు మార్చుకుంది. చూపు తీసేసినవి మార్చుకోలేదు. ఆ తరువాత నాడులను ఒక్కొక్కటే కోసి చూశాడు. వెన్నుపాము కోసినప్పుడు రంగు మార్పు ఆగలేదు. సహానుభూత నాడులను కోస్తే మాత్రం వాటి అధీనంలోని చర్మం నల్లగా ఉండిపోయింది. కన్ను చూస్తుంది, నాడి కబురు మోస్తుంది, చర్మం రంగు మారుస్తుంది. ఈ మూడు మజిలీల దారి అలా బయటపడింది. ఈ ప్రయోగాలు నేటి నైతిక నియమాల కింద సులువుగా అనుమతి పొందేవి కావని కూడా విద్యార్థులు గుర్తించాలి. చేప రంగు గురించి మనకు తెలిసిన దానిలో చాలా భాగం చేపలకు బాధ కలిగించి సంపాదించినదే.

పూషే చూపిన దారిని పూర్తిగా గుర్తించినవాడు కార్ల్ ఫాన్ ఫ్రిష్. తేనెటీగల నాట్యం ద్వారా ఆయన మనకు తెలుసు. 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అయితే ఆయన తొలి పరిశోధన తేనెటీగల మీద కాదు, యూరప్ వాగుల్లో దొరికే మిన్నో అనే వేలెడంత చేప మీద. 1910, 1911 సంవత్సరాల్లో ఆయన నాడి దారిని వెంబడించి, మజ్జాముఖంలో చేపను పాలిపోయేలా చేసే కేంద్రం ఉందనీ, అక్కడి నుంచి నాడీతంతువులు వెన్నుపాము వెంట దిగి 15వ వెన్నుపూస దగ్గర సహానుభూత నాడుల్లో కలిసి ముందుకూ వెనక్కూ పాకుతాయనీ చూపించారు.

ఆ క్రమంలో ఆయనకు అనుకోని సంగతి ఒకటి కంటపడింది. చూపులేని మిన్నో తల మీద వెలుతురు పడితే దాని ఒళ్లు నల్లబడుతోంది. నీడ పడితే పాలిపోతోంది. కళ్లు లేవు, మరి వెలుతురు తెలిసేది ఎలా? పుర్రె పైభాగంలోని పీనియల్ అవయవమని మొదట అనుకున్నారు. దాన్ని తీసేసినా ప్రతిస్పందన ఆగలేదు. మెదడు లోపలి పొరలే వెలుతురును పసిగడుతున్నాయని తేలింది. ఈ ప్రశ్నను ఫాన్ ఫ్రిష్ తన శిష్యుడు ఎర్న్‌స్ట్ షారర్‌కు అప్పగించారు. వెలుతురు పసిగట్టే కణాల కోసం మిన్నో మెదడును వెతికిన షారర్, 1928లో హైపోథాలమస్‌లో నాడీకణాల్లా ఉంటూ గ్రంథికణాల్లా స్రావం తయారుచేసే కణాలను చూశానని ప్రకటించాడు. నాడీకణం హార్మోన్ తయారు చేయడమేమిటని చాలామంది కొట్టిపారేశారు. ఆ భావనకు అంగీకారం కుదరడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. నేటి వైద్యవిద్యార్థి మొదటి ఏడాదిలో చదివే నాడీస్రావం పాఠానికి మూలం, ఒక గుడ్డి చేప నెత్తి మీద పడిన దీపం వెలుతురు.

ఇదే కాలంలో మరో తగాదా నడిచింది. కార్ల్ ఫాన్ హెస్ అనే పేరున్న నేత్రశాస్త్ర ఆచార్యుడు చేపలకు రంగులు అసలే కనపడవని వాదించాడు. రకరకాల రంగుల కాంతిని తొట్టిలో పరిచి, చేపలు ఎక్కడ గుమిగూడతాయో ఆయన చూశాడు. రంగులు బొత్తిగా తెలియని మనిషికి ఏ భాగం ఎక్కువ వెలుగుగా తోస్తుందో అక్కడే అవి చేరాయి. అందుచేత చేపకు రంగు తెలియదన్నాడు. ఫాన్ ఫ్రిష్ అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రవాడు. మిన్నోను పసుపు అడుగు మీదా, అంతే వెలుగునిచ్చే బూడిదరంగు అడుగు మీదా ఉంచి, పసుపు అడుగు మీద మాత్రమే దాని పసుపు వర్ణకం పరుచుకుంటుందని చూపించాడు. రంగు కనపడకపోతే ఈ తేడా ఎలా వస్తుంది? తరువాత మేత చూపి చేపలకు రంగులు గుర్తుపట్టడం నేర్పాడు. హెస్ ఆఖరుదాకా ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఈ తగాదాలో తేలింది చేప చూపు ఒక్కటే కాదు. బెదిరిన చేప వెలుగు కోసం పారిపోతున్నప్పుడు అడిగిన ప్రశ్నకూ, స్థిమితపడి మేత వెతుక్కుంటున్నప్పుడు అడిగిన ప్రశ్నకూ ఒకే జవాబు రాదు. తొట్టిలో చేపను ఏ స్థితిలో ఉంచామన్నదే జవాబును మార్చేసింది.

గళ్ల పలక మీద చేప

ఇప్పుడు నేపుల్స్‌కు వెళ్దాం. అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ సమ్నర్ అక్కడి సముద్ర కేంద్రంలో బల్లపరుపు చేపలను గులకరాళ్ల మీదే కాక గళ్లు, చారలు, చుక్కలు గీసిన పలకల మీద ఉంచి ఫొటోలు తీశాడు. 1911లో వచ్చిన ఆ వ్యాసంలోని ఫొటోలు నేటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. చేప చదరంగపు గళ్లను అచ్చంగా దింపలేదు. కానీ గళ్లు పెద్దవైతే మచ్చలు పెద్దవిగా, చిన్నవైతే సన్నగా చేసుకుంది. మొదటిసారి మారడానికి రోజులు పట్టిన చేప, పదేపదే మార్చగా చాలా త్వరగా మారడం నేర్చుకుంది.

1929లో సమ్నర్ ఒక సహచరుడితో కలిసి చేసిన పని నా ఉద్దేశంలో అక్వేరియం పెట్టుకునే ప్రతివారికీ ఉపయోగపడేది. చేప తన రంగును దేన్ని బట్టి నిర్ణయించుకుంటుంది? వెలుతురు ఎంత ఉందన్నదాన్ని బట్టి అయితే, ఎండలో నల్లరాతి మీదున్న చేప నీడలో తెల్ల ఇసుక మీదున్న చేప కంటే తెల్లగా ఉండాలి. అలా ఉండదు. పైనుంచి కంట్లో పడే వెలుతురు నేత్రపటలంలో కింది భాగానికి చేరుతుంది. అడుగు నుంచి తిరిగి వచ్చే వెలుతురు పై భాగానికి చేరుతుంది. చేప ఈ రెంటి నిష్పత్తిని చూస్తుంది. పైనుంచి ఎక్కువ, కింద నుంచి తక్కువ వస్తే అడుగు నల్లనిదని గ్రహించి ముదురుతుంది. రెండూ దగ్గరగా ఉంటే అడుగు తెల్లనిదని పాలిపోతుంది.

ఇప్పుడు మన ఇళ్లలోని తొట్టిని ఒకసారి చూడండి. తెల్లని గులకరాళ్లు, పక్కగోడలు గాజు, వెనుక సున్నం వేసిన గోడ, పైన ప్రకాశవంతమైన ట్యూబు. చేప కంటికి కింద నుంచీ పక్కల నుంచీ వెలుతురే. తనకు దాక్కునే చోటే లేదని దాని కన్ను చెబుతుంది. అది పాలిపోతుంది. యజమాని రంగు రావాలని మరింత పెద్ద లైటు పెడతాడు. నిష్పత్తి మారదు కాబట్టి రంగు రాదు. అదే లైటు కింద నల్లని ఇసుక పరిచి, వెనుక ముదురు కాగితం అంటిస్తే చాలా రకాల చేపలు గంటల్లో ముదురు రంగుకు వస్తాయి. నమ్మకం లేనివారు ఒక గప్పీల జంటతో ప్రయత్నించి, ఉదయం ఒకటీ సాయంత్రం ఒకటీ ఫొటో తీసి, సంప్రదింపు తరగతికి తీసుకురావచ్చు. ఫొటోలు ఒకే దీపం కింద తీయాలి. ఎందుకో తరువాత చెబుతాను.

చేపను ఎక్కువ కాలం ఒకే అడుగు మీద ఉంచితే మార్పు రేణువుల కదలికతో ఆగదు. వారాల తరబడి నల్ల తొట్టిలో ఉన్న చేపలో నల్ల వర్ణక కణాల సంఖ్యే పెరుగుతుంది. తెల్ల తొట్టిలో అవి తగ్గుతాయి, వెండి మెరుపునిచ్చే గ్వానైన్ పదార్థం పెరుగుతుంది. సమ్నర్ ఈ తేడాను వాడుకుని ఒక సాహసం చేశాడు. రంగు మార్చుకోవడం వల్ల చేపకు నిజంగా ప్రయోజనం ఉందా అని అప్పట్లో చాలామంది సందేహించేవారు. ఆయన గంబూసియా చేపలను కొన్ని వారాలు నల్ల తొట్లలో, తెల్ల తొట్లలో పెంచి, ఆ రెండు రకాలనూ సమాన సంఖ్యలో కలిపి, సాన్ డియేగో జంతుశాలలోని పెంగ్విన్‌ల ముందు వదిలాడు. లేత రంగు తొట్టిలో నల్లచేపలు ఎక్కువగా పోయాయి; నల్ల తొట్టిలో తెల్లచేపలు ఎక్కువగా పోయాయి. 1934లో వచ్చిన ఈ ఫలితం చిన్నదే కానీ దాన్ని కాదనడం కష్టమైంది. అడుగుకు రంగు కలవని చేపకు అది ప్రాణాల మీది సంగతి. పాలిపోయిన పెంపుడు చేప మన కళ్లకు వికారంగా ఉండవచ్చు. తన లెక్కలో అది తనను కాపాడుకుంటోంది.

ఈ గంబూసియా మనకు కొత్తది కాదు. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి దోమల నివారణ కోసం తెచ్చిన చేప ఇదే. హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ నగరపాలక సిబ్బంది దోమపిల్లలను తినడానికి నీటిగుంటల్లో వదిలేదీ ఇదే. స్థానిక చేపలకు ఇది చేసిన చేటు గురించి వేరే పాఠం రాయవచ్చు.

మన చేపల సంతలో అనుభవం ఉన్నవారికి సమ్నర్ చెప్పిన దానిలో సగం ముందే తెలుసు. బురదనీటి చెరువు చేప తెల్లగా, నాచుపట్టిన తేటనీటి చేప నల్లగా ఉంటుందని వాళ్లు అడక్కుండానే చెబుతారు. అది కంటి ద్వారా జరుగుతుందన్నదే వాళ్లకు తెలియని సగం.

బెదిరితే తెలుపు, నలిగితే నలుపు

ఇంతదాకా వెలుతురు సంగతి. ఒత్తిడి ఈ కథలోకి వేరే తలుపు గుండా వచ్చింది.

1916లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు, స్మిత్, ఆలెన్, వేరువేరుగా కప్పపిల్లల నుంచి పీయూష గ్రంథిని తీసేసి చూశారు. ఆ పిల్లలు వెండిలా పాలిపోయాయి. చర్మాన్ని నల్లబరిచే హార్మోన్ ఒకటి ఆ గ్రంథి నుంచి వస్తోందని దానితో రుజువైంది. దాన్నే తరువాత ఎమ్.ఎస్.హెచ్. అన్నారు. దాదాపు అదే సమయంలో ఊడదీసిన చేప పొలుసును అడ్రినలిన్ కలిపిన నీటిలో వేస్తే దాని నల్లరేణువులు క్షణాల్లో నడుమకు చేరతాయని కూడా తెలిసింది. అంటే చేప ఒంట్లో రెండు పగ్గాలున్నాయి. నాడులూ అడ్రినలిన్ వంటి పదార్థాలూ త్వరగా పాలిపోయేలా చేస్తాయి. పీయూష హార్మోన్ నెమ్మదిగా నల్లబరుస్తుంది.

ఒత్తిడి అనే మాటకు శరీరధర్మశాస్త్రంలో స్థానం కల్పించినది హాన్స్ సెల్యే 1936లో ఎలుకల మీద ప్రచురించిన చిన్న లేఖ. పీయూష గ్రంథి నుంచి వచ్చే ఏ.సి.టి.హెచ్. అనే హార్మోన్ అధివృక్క గ్రంథిని ప్రేరేపించడం ఒత్తిడి ప్రతిచర్యలో ముఖ్యమైన మెట్టు. 1970ల చివర ఒక విశేషం బయటపడింది. ఒత్తిడి హార్మోన్ ఏ.సి.టి.హెచ్., నల్లబరిచే హార్మోన్ ఎమ్.ఎస్.హెచ్. రెండూ ఒకే పెద్ద ప్రొటీన్ తునకలు. ఒకే ముడిసరుకును శరీరం రెండు రకాలుగా కోసుకుంటుంది. ఎడతెగని ఒత్తిడిలో ఉన్న చేప నల్లబడడానికి వెనుక ఉన్న బంధుత్వం ఇదే.

కాబట్టి సంచిలో కుదుపులు తిని వచ్చిన నియాన్ టెట్రా వెలవెలబోవడం, నెలల తరబడి మూల నక్కిన చేప నల్లగా మసిబారడం రెండూ ఒత్తిడి గుర్తులే, కాలంలో తేడా. అన్ని జాతులూ ఒకేలా ప్రవర్తించవని కూడా చెప్పాలి. కొన్ని జాతుల్లో భయం చారలను చెరిపేస్తుంది, కొన్నింటిలో కొత్త చారలు తెస్తుంది. తన చేప మామూలుగా ఎలా ఉంటుందో తెలియనివారికి దాని రంగు మారిందని చెప్పే అర్హత లేదు.

ఒత్తిడి అంటే చెడిన నీరు, వేడి, చేతులతో పట్టుకోవడం మాత్రమే అని చాలాకాలం అనుకున్నారు. తోటిచేప కూడా ఒత్తిడే అని తరువాత స్పష్టమైంది. అట్లాంటిక్ సాల్మన్ పిల్లలు రెండు చోటు కోసం పోట్లాడుకున్నప్పుడు ఓడినది నల్లబడుతుంది. నల్లబడ్డాక గెలిచినది దాన్ని కొట్టడం తగ్గిస్తుంది. ఇది 1999లో స్కాట్లండ్ పరిశోధకులు చూపినది. మరుసటి ఏడు ఆర్కిటిక్ చార్ అనే చేపలో అణగిపోయిన చేప చర్మం నల్లబడడానికీ, దాని రక్తంలోని పీయూష హార్మోన్లకూ, మెదడు రసాయనాలకూ సంబంధం ఉన్నట్లు మరొక బృందం చూపింది. చేప తన ఓటమిని ఒంటి మీద రాసుకుని, దయచూడమని అడుగుతోందన్నమాట. ఇరుకు తొట్టిలో ఆ రాత చదివి తప్పుకునే చోటు రెండు చేపలకూ ఉండదు. మన ఇళ్లలో ఒక చేప మాత్రం నల్లబడి, మిగతావి మెరుస్తుంటే నీటికి మందు కలపడం వల్ల లాభం లేదు. దాన్ని ఎవరు తరుముతున్నారో ఒక పూట కూర్చుని చూడాలి.

ఫాన్ ఫ్రిష్ మరొక్కసారి ఇక్కడ ఎదురవుతారు. మిన్నోల గుంపులో ఒకదాన్ని గుర్తుపట్టడానికి ఆయన దాని తోక దగ్గర నాడిని కోశారు. అక్కడ చర్మం నల్లబడుతుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. అంటే రంగు మార్పును ఆయన ఒక పచ్చబొట్టులా వాడుకున్నారు. ఆ చేపను గుంపులోకి వదలగానే మిగతావన్నీ బెదిరి చెల్లాచెదురయ్యాయి. గాయపడిన చర్మం నుంచి నీటిలో కలిసిన ఏదో పదార్థం వాటిని హెచ్చరించింది. 1938లో ఆయన ప్రకటించిన ఈ భయపదార్థం మీద నేటికీ పరిశోధన సాగుతోంది. తొట్టిలో ఒక చేపకు దెబ్బ తగిలితే దెబ్బ తగలని చేపలూ ఎందుకు బెదురుతాయో దీనితో అర్థమవుతుంది. వల వేసి పట్టి, గీసుకుపోయిన చేపను తిరిగి అదే నీటిలో వదిలేవారు ఇది గమనించాలి.

దీపాల వ్యాపారం

చేప రంగు మారడం వేరు, చేప రంగు మారినట్లు కనపడడం వేరు. రెండోది దీపం పని.

ట్యూబ్‌లైట్లు 1938లో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. తరువాత అక్వేరియం మూతల్లోకి చేరాయి. 1960ల మొదట్లో గ్రో-లక్స్ అనే గులాబీరంగు వెలుగు ట్యూబులు మొక్కల పెంపకం కోసం తయారయ్యాయి. వాటిలో ఎరుపు, నీలం కిరణాలు ఎక్కువ, ఆకుపచ్చ తక్కువ. ఆ వెలుగులో ఎర్రచేప మరింత ఎర్రగా, నీలిచేప మరింత నీలంగా కనిపించింది. మొక్కల కోసం పుట్టిన దీపం చేపల దుకాణానికి వరమైంది. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపాల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా తిప్పుకునే వీలుంది. చర్మంలో ఒక్క రేణువు కూడా కదలకుండానే చేప రంగు మార్చవచ్చు. ఒకే దీపం కింద ఫొటోలు తీయమని చెప్పింది ఇందుకే. దుకాణం నుంచి ఇంటికి వచ్చాక రంగు తగ్గిందనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

ఎరుపు, నారింజ, పసుపు వర్ణకాల్లో చాలావాటికి మూలం కెరోటినాయిడ్లు. చేప వాటిని సొంతంగా తయారుచేసుకోలేదు. మేత ద్వారా రావాలి. మేతలో లేని ఎరుపును ఏ దీపమూ ఇవ్వలేదు.

నియాన్ టెట్రా సంగతి మరీ తమాషా. 1936లో శాస్త్రీయంగా వర్ణించిన ఈ దక్షిణ అమెరికా చేప ఒంటి మీది నీలం చారలో నీలం వర్ణకమే లేదు. చర్మకణాల్లో పలచని గ్వానైన్ పలకలు దొంతరలుగా ఉండి, వెలుతురును పరావర్తనం చేస్తాయి. పలకల మధ్య దూరం మారితే రంగు మారుతుంది. రాత్రి చీకటిలో చార నీలం నుంచి ఊదారంగుకు జరిగి మసకబారుతుంది, ఎరుపు కూడా తగ్గుతుంది. తెల్లవారి దీపం వేయగానే చూసినవాళ్లు చేప చచ్చిపోతోందనుకుంటారు. అది అప్పుడే నిద్రలేచింది, అంతే. కొంతసేపటికి పగటి రంగు వస్తుంది. రాత్రి రంగు చూడకూడదని ఇరవైనాలుగు గంటలూ దీపం వేసి ఉంచే ఇళ్లు నేను చూశాను. చేపకు రాత్రి లేకుండా చేయడమే వాటికి పెద్ద ఒత్తిడి.

తెల్లని తొట్టి

పరిశోధన చివరికి వ్యాపారానికి అక్కరకు వచ్చింది. చేపను పాలిపోయేలా చేసే హార్మోన్ కూడా ఒకటి ఉండాలని జపాన్ శాస్త్రజ్ఞుడు ఎనామి 1955లోనే సూచించాడు. 1983లో జపాన్, బ్రిటన్ పరిశోధకులు కలిసి సాల్మన్ పీయూష గ్రంథుల నుంచి దాన్ని వేరుచేశారు. దాని పేరు ఎమ్.సి.హెచ్., అందులో 17 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. తెల్లని అడుగు మీదున్న చేపలో ఇది ఎక్కువగా తయారవుతుంది. 1989లో దీని పోలికే ఎలుక మెదడులో దొరికింది. ఎలుక చర్మం రంగు మార్చదు కదా, దానికిది ఎందుకు? 1996లో జవాబు వచ్చింది: అది ఎలుకలో ఆకలిని పెంచుతుంది.

ఆ తరువాత జపాన్‌లో బార్‌ఫిన్ ఫ్లౌండర్ అనే బల్లపరుపు చేపను తెల్లని తొట్లలో పెంచి చూస్తే, నల్ల తొట్లలోవాటి కంటే ఎక్కువ మేత తిని త్వరగా పెరిగింది. మధ్యధరా సముద్రతీరంలో రెడ్ పోర్గీ పెంచేవారి కష్టం వేరు. సముద్రంలో గులాబీరంగులో ఉండే ఆ చేప పెంపకపు తొట్టికి రాగానే నల్లబడి, సంతలో ధర పడిపోయేది. అడుగు రంగు లేతగా మార్చి, వెలుతురును సరిచేసి, మేతలో కెరోటినాయిడ్లు కలిపి వాళ్లు కొంతవరకు దాన్ని దారికి తెచ్చారు.

ఇక్కడ నాకు ఒక సందేహం ఎప్పుడూ ఉంటుంది. తెల్లని తొట్టిలో చేప లేత రంగులో ఉండి బాగా తింటోంది కాబట్టి దానికి ఒత్తిడి లేదని పెంపకందారు అంటాడు. తెల్లని గులకరాళ్ల మీద దాక్కునే చోటు లేక పాలిపోయిన ఇంటి చేపను మనం ఒత్తిడిలో ఉందంటాం. రెండు చేపల ఒంటి రంగూ ఒకటే. ఇసుకలో పడుకోవడానికి పుట్టిన ఫ్లౌండర్‌కు తెల్లని అడుగు సముద్రపు ఇసుకలా తోస్తుందేమో. ఆకులు రాలి టీనీళ్లలా నల్లబడిన అమెజాన్ వాగుల్లో పుట్టిన టెట్రాకు అదే అడుగు ఎండలో నిలబెట్టినట్లు ఉంటుంది. రంగును చూసే ముందు ఆ చేప ఏ నీటిలో నుంచి వచ్చిందో అడగాలి. దుకాణంలో సంచి కట్టించుకునేటప్పుడు ఆ ప్రశ్న అడిగేవారు చాలా తక్కువ.